చిన్న భోజనం

సిద్ధరామప్ప గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు అడిగిన ప్రశ్నకు ఆయన కూర్చున్న చోట జవాబు చెప్పేవారు కాదు. ప్రశ్న చివరిదాకా విని, "ఫలానా పని చేసి రాప్పా" అని ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ పనికీ ప్రశ్నకూ సంబంధం ఏమిటని అడిగితే నవ్వేవారు. మోక్షం గురించి అడిగినవాణ్ణి బావి పూడిక తీయడానికి పంపారు. ఆత్మను గురించి అడిగినామెను ఒక మూగ ముసలమ్మకు మూడు నెలలు తోడుగా ఉంచారు. కొందరు పని ముగించి వచ్చి, ఆయన పాదాలకు మొక్కి, మళ్లీ ఆ ప్రశ్న ఎత్తలేదు. కొందరు అసలు తిరిగి రాలేదు. రాయదుర్గం కొండ కింద రెండు గదుల రేకుల ఇల్లే ఆయన ఆశ్రమం. నేను ఆదివారాలు అక్కడికి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది విరూపాక్షికి జరిగిన సంగతి. చాలావరకు అతను చెప్పగా విన్నది, చివరి మాటలు మాత్రం నా చెవులతో విన్నవి.

విరూపాక్షి ఇరవై రెండేళ్లు కళాశాలలో తెలుగు పాఠం చెప్పి, ఇంకా పదేళ్ల ఉద్యోగం ఉండగానే వదులుకుని వచ్చినవాడు. చక్కని గొంతు. ఏ విషయమైనా నాలుగు ఉపమానాలతో చెప్పగలడు. అయితే మనిషి లోపల ఒక చేదు ఉండేది. ఇన్నేళ్లూ తాను చెప్పిన మాటలకు ఒక్క ప్రాణి కూడా కదలలేదని అతని నమ్మకం. ఒక ఉదయం అయ్యగారు నామరూపాల గురించి చెబుతుండగా అతను ఉండబట్టలేక అడిగాడు.

"అయ్యగారూ, రూపం మనిషిని కట్టేస్తుందంటే ఒప్పుకుంటాను. కంటికి కనిపించేది లాగుతుంది. పేరు ఏం చేస్తుంది? పలికితే గాలి, రాస్తే గీతలు. దానికి బంధించే శక్తి ఎక్కడిది? నేను జీవితమంతా మాటలతోనే గడిపాను. వాటికి ఒక చీమను కదిపే బలం కూడా లేదు."

అయ్యగారు ఎప్పటిలా చివరిదాకా విన్నారు. తరువాత, "గంగరత్నమ్మ మెస్సులో వడ్డించే మనిషి మానేసినాడంట. నేను చెప్పేదాకా నువ్వు పోయి వడ్డించు," అన్నారు.

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్లు వీధికి రెండు మూడు ఉంటాయి. గంగరత్నమ్మ మెస్సు అలాంటి నాలుగు షెడ్ల నడుమ ఉంది. ఆమెకు యాభై దాటాయి. ఎత్తుగా, ఎముకలు గట్టిగా, చెయ్యి ఎప్పుడూ పమిట కొంగుకు తుడుచుకుంటూ ఉంటుంది. షెడ్ల యజమానులు పనివాళ్లకు మధ్యాహ్నం పూట తలా ఒక టోకెను ఇస్తారు. టోకెను ఇచ్చినవాళ్లకు మెస్సులో భోజనం. మొదట్లో అందరికీ ఒకటే కొలత పెట్టేది. తినలేనివాళ్లు వదిలేసిన అన్నం వెనక డ్రమ్ములో నిండుతుంటే ఆమెకు మనసొప్పలేదు. వానలు లేక జనం వలస పోయిన ఏళ్లు చూసిన మనిషి. అందుకని మూడు గిన్నెలు కొని, గోడ మీద నల్లపలక తగిలించి, సుద్దముక్కతో మూడు పేర్లు రాయించింది: చిన్న భోజనం, మామూలు భోజనం, పెద్ద భోజనం. టోకెను ఒకటే. ఎవరికి ఏది కావాలంటే అది. గిన్నెలో అన్నం అదిమి పళ్లెంలో బోర్లిస్తారు. చుట్టూ పప్పు, కూర, చెనిక్కాయల పొడి. చారూ మజ్జిగా ఎవరికైనా కావలసినంత.

విరూపాక్షికి మొదటి రెండు రోజులు భుజం నొప్పి తప్ప మరేమీ తెలియలేదు. మూడో రోజు నుంచి చేతులు వాటంతటవే పనిచేయడం మొదలుపెట్టాయి, కళ్లు ఖాళీ అయ్యాయి. అప్పుడు కనిపించసాగింది. వరసలో ఒంటరిగా వచ్చిన మగవాడు పలక వంక చూసి "మామూలు" అంటాడు. అదే మనిషి వెనక నలుగురు స్నేహితులుంటే "పెద్దది" అంటాడు. కటింగు మేస్త్రీ హనుమంతప్ప ఎప్పుడూ పలకను చూడకుండానే "పెద్దది!" అని అందరికీ వినబడేలా అంటాడు. రోజూ మూడోవంతు వదిలేసి, చెయ్యి కడుక్కుంటూ కడుపు రుద్దుకుంటాడు. ఆడవాళ్లు గుంపుగా వస్తారు. ముందున్నామె "చిన్నది" అంటే వెనకున్న అందరికీ చిన్నదే. పాతికేళ్ల పిల్లయినా, ఉదయం నుంచి మూటలు మోసిన మనిషైనా చిన్నదే.

వాళ్లలో కుళ్లాయమ్మ అనే ఆమె ఉండేది. ముప్పై అయిదేళ్లుంటాయి. ప్యాంటు జేబులు కుట్టడం ఆమె పని. పొద్దున అయిదింటికి లేచి ఇంట్లో అందరికీ వండి, తాను ఒక గ్లాసు టీ తాగి వస్తుందని పక్కన కూర్చునే హుసేన్‌బీ చెప్పింది. కుళ్లాయమ్మ రోజూ "చిన్నదే చాలు సామీ" అనేది. చాలు అనే మాట అందరికన్నా కాస్త ముందుగా, కాస్త గట్టిగా అనేది. తినడం మాత్రం మెతుకు మిగలకుండా తినేది. చివరికి చూపుడువేలితో పళ్లెం అంచున అంటిన పప్పు తుడిచి నాకేది. తుడిచేముందు ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి తలెత్తేది. మజ్జిగ మూడు గ్లాసులు తాగేది. ఆమెకు ఆకలి తీరలేదని విరూపాక్షికి తెలుసు. అడిగింది ఆమె, పెట్టింది తాను, ఇందులో తన తప్పేముందని అనుకున్నాడు.

ఎనిమిదో రోజు ఆమె భోజనానికి రాలేదు. హుసేన్‌బీ వచ్చి టోకెను పెడుతూ చెప్పింది. "నిన్న సాయంత్రం నాలుగింటికి మిషను మీదనే కళ్లు తిరిగి పడిపోయింది సామీ. సూది వేల్లో దిగబడింది. కరెంటు ఆపి, సూది విరిచి, ఆస్పత్రికి తీసుకపోయినాం. డాక్టరమ్మ ఏమడిగిందో తెలుసా? పొద్దున ఏం తిన్నావు, మధ్యాన్నం ఏం తిన్నావు అని. ఇది ఏం చెప్తుంది? భోంచేసినా అనింది."

విరూపాక్షి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. వెనకనుంచి ఎవరో "సామీ, అన్నం" అని గుర్తుచేస్తే గాని కదలలేదు.

తొమ్మిదో రోజు కుళ్లాయమ్మ వచ్చింది. ఎడమచేతి వేలికి కట్టు. వరసలో ముందుకొచ్చి, టోకెను పెట్టి, "చిన్నదే చాలు సామీ" అంది. విరూపాక్షి చిన్న గిన్నె బోర్లించాడు. తరువాత ఏమీ మాట్లాడకుండా మరో రెండు గరిటెల అన్నం పక్కన వేశాడు. ఆమె మొహం ఎర్రబడింది. వెనక్కి చూసింది. గరిటె తానే అందుకుని, వేసిన అన్నాన్ని తిరిగి వడ్డించే బేసిన్‌లోకి తోసేసింది.

"నేనడిగింది చిన్నది. ఎందుకు సామీ నలుగుర్లో నన్నట్ల చేస్తావు?" అంది నెమ్మదిగా.

ఆ మధ్యాహ్నం మెస్సు ఖాళీ అయ్యాక విరూపాక్షి గంగరత్నమ్మను అడిగాడు. టోకెను ఒకటే కదా, పెద్దది తీసుకుంటే ఎవరేమంటారు అని.

గంగరత్నమ్మ అతన్ని చదువుకున్న పిల్లవాణ్ణి చూసినట్లు చూసింది. "ఎవరూ ఏమీ అనరు సామీ. చూస్తారు, అంతే. ఆడది పెద్దది అనడం ఎప్పుడన్నా విన్నావా? పద్నాలుగేండ్లుగా ఈ మెస్సు నాది. బియ్యం నావి, పొయ్యి నాది. నేను తినేటప్పుడు కూడా చిన్న గిన్నెతోనే పెట్టుకుంటా. వాళ్ల ముందర తిని, మళ్లా లోపలికిపోయి వంటింట్లో నిలబడుకోని ఇంకోతూరి తింటా." అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "ఏం చేసేది సామీ, పలక మీద నేనే రాయిస్తి," అంది.

విరూపాక్షి లేచి పలక దగ్గరికి వెళ్లాడు. ఆ పూట తన ఒంట్లో ఒక వణుకు పుట్టిందనీ, అది జాలి అనుకున్నాననీ, తరువాత ఆలోచిస్తే ఉత్సాహమని తెలిసిందనీ అతను నాతో చెప్పాడు. తడిగుడ్డతో పాత పేర్లు తుడిచాడు. గిన్నెలు ముట్టుకోలేదు. అన్నిటికన్నా చిన్న గిన్నెకు 'పిల్లల భోజనం' అని రాశాడు. నడిమి గిన్నెకు 'చిన్న భోజనం'. పెద్దదానికి 'పెద్ద భోజనం'. మామూలు అనే మాట ఇక పలక మీద లేదు. గంగరత్నమ్మ చదివించుకుని విని, "ఇంతేనా?" అంది. "ఇంతే," అన్నాడు.

మర్నాడు కుళ్లాయమ్మ పలకకేసి చూసింది. పిల్లల భోజనం అన్న చోట ఆమె చూపు ఒక క్షణం ఆగింది. "చిన్నదే చాలు సామీ," అంది. విరూపాక్షి నడిమి గిన్నె తీసుకుని అదిమి బోర్లించాడు. ఆమె పళ్లెంలోకి చూసింది, ఏమీ అనలేదు, వెళ్లి కూర్చుని తినింది. ఆ రోజు పళ్లెం అంచు తుడవలేదు. మజ్జిగ ఒక గ్లాసే తాగింది. ఆమె వెనక వచ్చిన పదకొండు మందీ "చిన్నది" అనే అన్నారు, పదకొండు మందికీ నడిమి గిన్నెతోనే పెట్టాడు. ఒక్కరూ తేడా అడగలేదు. ఒక్కరూ అన్నం వదల్లేదు.

విరూపాక్షి ఆ రాత్రి నిద్రపోలేదు. ఇరవై రెండేళ్లు గొంతు చించుకున్నా కదలని మనుషులు సుద్దముక్కతో రాసిన రెండక్షరాలకు కదిలారు. ప్రశ్నకు జవాబు దొరికిందని అనుకున్నాడు. అంతటితో అయ్యగారి దగ్గరికి వెళ్లిపోయి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు. వెళ్లలేదు. ఇంకా చూడాలనిపించింది.

నాలుగు రోజులు గడిచాయి. గంగరత్నమ్మ ఒక మధ్యాహ్నం అతని చెయ్యి పట్టుకుని వెనకవైపు తీసుకుపోయింది. డ్రమ్ములో అన్నం సగానికి పైగా ఉంది. "ఇది చూడు. ఆడోళ్లు బాగనే తింటాండారు, కాదనను. ఇంతకు ముందర మామూలు అనే మగోళ్లందరికీ ఇప్పుడు దిక్కుతోచలేదు. చిన్నది అనడానికి నోరు రాక పెద్దది అంటాండారు. తినలేక పారేస్తాండారు. బియ్యం కడిగేది నేను సామీ, నాకు తెలుస్తుంది."

"దానికీ ఒక పేరు పెడదాం," అన్నాడు విరూపాక్షి.

అప్పటి నుంచి అతని దగ్గర ఒక చిన్న పుస్తకం చేరింది. అందులో పేర్లు రాసేవాడు, కొట్టేసేవాడు. నడిమి గిన్నెకు మగవాళ్లు సిగ్గుపడకుండా అడిగే పేరు ఒకటి, ఆడవాళ్లు బెరుకు లేకుండా అడిగే పేరు ఒకటి కావాలి. గిన్నె ఒకటే అయినా పేర్లు రెండు పెడితే పోతుంది కదా అని తోచింది. మర్నాడే పలక మీద నాలుగో వరస వచ్చింది: 'మేస్త్రీ భోజనం'. నడిమి గిన్నెకే ఆ పేరు. మగవాళ్లు ఒకరి వెనక ఒకరు "మేస్త్రీ భోజనం" అన్నారు. డ్రమ్ము తేలికైంది. హనుమంతప్ప కూడా ఆ రోజు పలక వంక చూసి, గొంతు సవరించుకుని, "మేస్త్రీది," అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన పళ్లెం మొదటిసారి ఖాళీ అయింది. వడ్డించే బల్ల వెనక నిలబడి ఆ వరసను చూస్తుంటే, దారాలు పట్టుకుని బొమ్మలాడించేవాడికి కలిగే సుఖం తనకు కలిగిందని విరూపాక్షి దాచుకోకుండా చెప్పాడు. వాళ్లకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. మేలు జరుగుతున్న మాట కూడా నిజమే. కుళ్లాయమ్మ బుగ్గల్లో కాస్త రంగు వచ్చింది.

పలక మార్చిన పదో రోజు ఆమె వేలి కట్టు విప్పారు. ఆ రోజు కుళాయి దగ్గర జనం ఎక్కువగా ఉంటే, చెయ్యి కడుక్కోవడానికి ఆమె వంటింటి వైపు వచ్చింది. గంగరత్నమ్మ అక్కడ కొలత గిన్నెలు వరసగా బోర్లించి ఉంచింది. మూడు గిన్నెలు. అన్నిటికన్నా చిన్నది పదిరోజులుగా ఎవరూ వాడక అడుగున దుమ్ము పట్టి ఉంది. కుళ్లాయమ్మ ఆ గిన్నెను చేతిలోకి తీసుకుంది. దాని అంచు మీద సొట్ట ఆమెకు తెలుసు. ఎన్నో నెలలు రోజూ తన పళ్లెంలోని అన్నం మీద ఆ సొట్ట గుర్తు చూసింది.

"అక్కా, నాకు ఏ గిన్నెతో పెడతాండారు?" అని అడిగింది.

గంగరత్నమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు. నడిమి గిన్నె చూపించింది. కుళ్లాయమ్మ రెండు గిన్నెలనూ పక్కపక్కన పెట్టి కాసేపు చూసింది. చెయ్యి కడుక్కోకుండానే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమంతా విరూపాక్షి మాటలు సిద్ధం చేసుకున్నాడు. నీ మంచికే చేశానని ఒక రకంగా, నీ ఒంటికి అన్నం అవసరమని మరో రకంగా. ఆమె ఇక మెస్సుకు రాకపోతే, మళ్లీ పస్తుంటే, మళ్లీ సూది దిగితే ఎవరిది తప్పు? అతనికి భయం వేసింది. ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి.

మర్నాడు ఆమె వచ్చింది. రోజూ గుంపు మధ్యలో నిలబడే మనిషి, ఆ రోజు ఆడవాళ్లందరికన్నా ముందు నిలబడింది. వెనక హుసేన్‌బీ, ఆ వెనక మిగతావాళ్లు, పక్క వరసలో మగవాళ్లు. టోకెను బల్ల మీద పెట్టింది. పలక వైపు చూసింది. ఏదో అంది. గరిటెల చప్పుడులో వినబడలేదు.

"ఏమమ్మా?" అన్నాడు విరూపాక్షి.

"పెద్దది," అంది. ఈసారి వినబడింది. అందరికీ వినబడింది.

పక్క వరసలోంచి హనుమంతప్ప నవ్వాడు. చెడ్డవాడు కాదు, నోటికొచ్చింది అనేయడం అలవాటు. "ఏం కుళ్లాయమ్మా, ఈ పొద్దు ఇంట్లో పొయ్యి అంటించలేదా?" అన్నాడు.

కుళ్లాయమ్మ అతని వైపు తిరిగింది.  చేతులు కొంగులో చుట్టుకుంది. "అంటించినా మేస్త్రీ. అందరికీ వండి పెట్టే వచ్చినా. నాకు ఆకలేస్తాంది," అంది.

మెస్సులో గరిటెల చప్పుడు ఆగింది. హనుమంతప్ప తన పళ్లెంలోకి చూసుకున్నాడు. విరూపాక్షి పెద్ద గిన్నె తీసి, అన్నం అదిమి, బోర్లించాడు. కొంచెం అన్నం బల్ల మీద పడింది. ఆమె ఆ మెతుకులను కూడా ఏరి పళ్లెంలో వేసుకుంది.

కూర్చుని, కలపకముందే, పళ్లెంలో అన్నం మీద వేలితో గీత గీసింది. తనకు ఎంత కావాలో చూసుకుంది. మిగిలింది తీసి పక్కనున్న హుసేన్‌బీ పళ్లెంలో పెట్టింది. హుసేన్‌బీ ఆ రోజు కూడా "చిన్నది" అనే అడిగి తెచ్చుకుంది. వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయి, కుళ్లాయమ్మ మొహం చూసి, చెయ్యి తీసేసింది. ఇద్దరూ తల వంచుకుని తిన్నారు. తొందరపడలేదు. తిన్న తరువాత కుళ్లాయమ్మ కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. విరూపాక్షి సిద్ధం చేసుకున్న మాటలు ఎత్తేలోపే ఆమె అందుకుంది.

"నువ్వు మోసం చేసినావని అనను సామీ," అంది ఆమె. "పది దినాలు కడుపునిండా తినినా. మిషను మీద తల తిరగలేదు. నీ పుణ్యమే. కానీ ఆ పది దినాలూ నా నోటితో చిన్నదే చాలు అనే అనిపించినావు గదా."

అని షెడ్డు వైపు వెళ్లిపోయింది.

మెస్సు ఖాళీ అయ్యాక గంగరత్నమ్మ తడిగుడ్డ తెచ్చి పలక మీద ఉన్నదంతా తుడిచేసింది. సుద్దముక్క అతని చేతికిచ్చి, "రేపటికి ఏం రాస్తావో రాయి సామీ," అని తన పళ్లెం తెచ్చుకుంది. ఆ రోజు ఆమె లోపలికి పోలేదు. అక్కడే బల్ల మీద కూర్చుని, గిన్నె లేకుండా, బేసిన్‌లోంచి చేత్తో పెట్టుకుని తినింది. విరూపాక్షి పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఏ పేరు రాయబోయినా అది ఎవరో ఒకరి మెడకు తగులుకుంటున్నట్లు అనిపించింది. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి కొండ దారి పట్టాడు.

అది ఆదివారం, షెడ్లకు సెలవు ఉండదు గాని నాకు ఉంటుంది. నేను ఆశ్రమంలోనే ఉన్నాను. అయ్యగారు గడప దగ్గర కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నారు. విరూపాక్షి వచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా, మొదటి రోజు నుంచి ఆ మధ్యాహ్నం దాకా జరిగింది జరిగినట్లు చెప్పాడు. పుస్తకం సంగతీ చెప్పాడు, తనకు కలిగిన సుఖమూ చెప్పాడు. అయ్యగారు గింజలు ఒలుస్తూనే విన్నారు.

"పేరు కట్టేస్తుందని తెలిసింది అయ్యగారూ. కట్టు మార్చి కట్టడమే చేతనైంది నాకు, విప్పడం చేతకాలేదు," అన్నాడు విరూపాక్షి. "పలక ఖాళీగా ఉంది. రేపు మధ్యాహ్నానికి జనం వస్తారు. ఏం రాయమంటారు?"

అయ్యగారు కాయ పక్కన పెట్టి తలెత్తారు.

"మేస్త్రీ నవ్వినప్పుడు ఆ తల్లి ఏమని బదులు చెప్పిందంటివి?"

"నాకు ఆకలేస్తాంది అనింది."

"ఆ మాట విన్నాక ఎవరైనా నవ్వినారా?"

"లేదు అయ్యగారూ."

అయ్యగారు చేటలో గింజలు ఒకసారి చెరిగి, పొట్టు ఊదేసి, "ఇన్ని పేర్లు రాసినావు గదప్పా. ఆ మాట ఏ గిన్నెకు రాసినావు?" అన్నారు.